మా మేకకు పాలసీ ఉంది

మనుషుల సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ ఇంట్లో మేక ఉంటే, రేపు పొద్దున్నే దానికి బీమా చేయించండి! ఆలస్యం చేస్తే ఆ పాపం మీదే.

మేకకు బీమా ఏమిటని నవ్వుతున్నారా? నవ్వండి. నేనూ నవ్వాను. నందికొండలో డ్యాం ఆఫీసు గుమాస్తాను, నవ్వుకోవడానికి నాకు కావలసినంత టైం ఉంటుంది. క్వార్టర్ వెనక మా ఆవిడ ప్రమీలమ్మ ముద్దుగా పెంచుకుంటున్న చుక్కి అనే మేకను చూసి, మా బావమరిది గుర్వయ్య "దీనికి పాలసీ చేపిద్దాం బావా" అన్న రోజు, టీ పొలమారేదాకా నవ్వాను.

గుర్వయ్య బీమా ఏజెంటు. చుట్టాలందరికీ పాలసీలు కట్టించేశాడు. ఇక చుట్టాలు మిగలక మేకల మీద పడ్డాడు.

చేయించాలా వద్దా అని మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ప్రమీలమ్మ ఒక్కటే మాట అడిగింది.

"దానికి రోగమొస్తె మందులకు పైసలిస్తరా తమ్మీ?"

"నువ్వు గూడ గిట్ల అడుగుతవేందక్కా! అన్ని కంపినోళ్ళే సూసుకుంటరు."

ఇంకేం కావాలి? సరే అన్నాం. ఆ తర్వాత కదా మా చుక్కి దశ తిరిగింది! పశువుల డాక్టరు స్వయంగా ఇంటికి వచ్చాడు. గుండె విన్నాడు, కళ్ళు చూశాడు, పళ్ళు చూశాడు. "మేత బాగా తింటుందా?" అని అడిగాడు. ఇన్నేళ్ళ నా సర్వీసులో, నేను బాగా తింటున్నానా అని ఏ ఆఫీసరైనా అడిగాడా? ఫోటో స్టూడియో అతను వచ్చి చుక్కిని నిలబెట్టి ఫోటో తీశాడు. మా పెళ్ళికే ఫోటోలు లేవు!

చివరికి చెవికి నంబరు బిళ్ళ కుట్టారు. అదే ముఖ్యమట. బిళ్ళ ఊడితే పాలసీ లేనట్టే. అప్పటినుంచి పొద్దునా సాయంత్రం మేక చెవి చూసుకోవడం నా డ్యూటీ అయింది. మేక ఎలా ఉందో చూసుకోవడం మా ఆవిడ డిపార్ట్‌మెంట్.

మనశ్శాంతి అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. ఇదివరకు చుక్కి తుమ్మితే మా ఆవిడ దాని పక్కనుంచి లేచేది కాదు, నాకు కాఫీ ఉండేది కాదు. బిళ్ళ పడ్డాక మాత్రం అది తుమ్మినా దగ్గినా, "పాలసీ ఉంది కదా" అని పేపర్ తిరగేసేవాడిని.

ఇంతలో ఒకరోజు పక్క క్వార్టర్ ఖమర్ ఇంట్లో దావత్ జరిగింది. మిగిలిన అన్నం పెరట్లో పెడితే, పిలవకపోయినా మా చుక్కి వెళ్ళి కడుపారా తిని వచ్చింది. మధ్యాహ్నానికి పొట్ట ఉబ్బి డోలు అయిపోయింది. కాళ్ళు చాచి పడిపోయింది. ప్రమీలమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుని ఏడుపు లంకించుకుంది.

సైకిల్ మీద పక్క ఊరి పశువుల దవాఖానకు పరుగెత్తాను. డాక్టరు లేడు. అటెండరు నోట్లోంచి బీడీ తీసి చెప్పాడు.

"సారు క్యాంపుకు పోయిండు. బీమా కోసం మంచిగున్న గొడ్లను సూసి సర్టిఫికెట్లు రాస్తాండు. రేపు రాండ్రి."

ఎంత ముందుచూపు! రోగమున్న మేక ఎలాగూ పడుకునే ఉంటుంది, ఎక్కడికీ పోదు. ఆరోగ్యమైన మేకను ఈరోజే చూడాలి, రేపటికి దానికీ జబ్బు చేస్తే?

ఇంటికి వచ్చేసరికి మా ఆఫీసు జీపు డ్రైవర్ కరీం కత్తితో నిలబడి ఉన్నాడు. పాపం, అతనిది మంచి మనసే.

"పాణం ఉండంగనే చెప్పుండ్రి సార్. పోయినంక కోస్తె హరాం. వట్టిగ మట్టిల కలుస్తది."

కబురు అందిన గుర్వయ్య అప్పుడే రొప్పుకుంటూ వచ్చి, కత్తికి అడ్డం పడ్డాడు.

"కోస్తె క్లెయిం రాదు! దానంతటదే సావాలె. ఫికర్ జేయకు బావా, బిళ్ళ ఉన్నది గద?"

వంగి చూశాను. బిళ్ళ ఉంది. నిజం చెప్పొద్దూ, ప్రాణం కుదుటపడింది.

ఒకడేమో చావకముందే అంటాడు, ఇంకొకడు చచ్చాకే అంటాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. నేను మరోసారి బిళ్ళ నంబరు సరిచూసుకుంటుంటే ప్రమీలమ్మ లేచింది.

"మందులకు పైసలిస్తరంటివి గదరా?"

"గవి రావక్కా. సస్తెనే వస్తయి."

"ఓహో! మీ చెక్కును పిండితె పాలొస్తయా? జరుగుండ్రి అందరు! నాకు నా మేక గావాలె!"

మంచినూనెలో వాము నూరి కలిపి గొంతులో పోసింది. పొట్ట రుద్దింది, లేపి నడిపించింది, మళ్ళీ రుద్దింది. పొద్దుగూకే వేళకు చుక్కి తేన్చింది. ఆ తేన్పు కాలనీ అంతా విన్నది. కరీం కత్తి చుట్టేసి నవ్వుకుంటూ వెళ్ళాడు. గుర్వయ్య కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

అదే వేడిలో వాడు నా చేత కూడా ఒక పాలసీ కట్టించాడు. మేకకున్న భద్రత నాకు లేకపోతే నామోషీ కదా!

ప్రస్తుతం ఈ వ్యాసం మంచం మీద నుంచి రాస్తున్నాను. చలిజ్వరం. రెండు రగ్గులు కప్పుకున్నా వణుకు ఆగడం లేదు. ప్రమీలమ్మ చెల్లెలి కాన్పుకని భువనగిరి పోయింది. ఆఫీసు వాళ్ళు వచ్చి చూశారు. పాలసీ ఉందని తెలిసి, ధైర్యంగా వెళ్ళిపోయారు.

పొద్దున గుర్వయ్య వచ్చాడు. నాకోసం తెచ్చిన బత్తాయి తనే ఒలుచుకు తింటూ, నామినీగా అక్క పేరు సరిగ్గానే రాశామా అని ఆరా తీశాడు.

"దవాఖాన ఖర్చు మీ కంపినీ ఇస్తదారా?" అన్నాను.

"గది మా దాంట్ల లేదు బావా. నువ్వు మాత్రం ఏ ఫికర్ బెట్టుకోకు," అని రగ్గు గడ్డం దాకా లాగి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.

కాబట్టి చెప్పొచ్చేదేమిటంటే, బీమా గొప్పది. ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. కాకపోతే నాకు భయంగా ఉంది. మీలో ఎవరైనా మా క్వార్టర్స్ వైపు వస్తే, దయచేసి నన్ను ఓదార్చకండి. ఒక ఆటో మాట్లాడుకుని రండి!