టోస్టర్ పెట్టెలో బేస్‌బాల్ కార్డులు

ఆ శనివారం పొద్దున స్ట్రౌడ్ దంపతులు వేసుకున్న పథకం చిన్నదే. ఇంటి ముందు బల్లలు పరిచి, అటక మీది పాత సామానంతా మధ్యాహ్నంలోగా అమ్మేయాలి. దించడం వెర్లిన్ పని, ధర చీటీలు అంటించడం అతని భార్య నొరీన్ పని. డబ్బుల డబ్బా దగ్గర కూర్చోడానికి వెర్లిన్ తల్లి ఓపల్ వస్తానంది. ఎనభై దాటినా ఆవిడ కారు తనే నడుపుతుంది. అందుకే లైమా ఊళ్ళో మిగతావాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుపుతారు.

అటక మీది ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టు వెనకాల వెర్లిన్‌కి ఒక బూట్ల అట్టపెట్టె దొరికింది. మూత తీసి చూసి అక్కడే చతికిలబడ్డాడు. అవి తన చిన్నప్పటి బేస్‌బాల్ కార్డులు. ఆటగాళ్ళ బొమ్మలుండే అలాంటి పాత కార్డులకి ఇప్పుడు వేల డాలర్లు పెట్టేవాళ్ళున్నారు.

సంతోషించాల్సిందేగా అంటారేమో. నలభై ఏళ్ళుగా నవంబరులో వచ్చే ప్రతి థాంక్స్‌గివింగ్ పండగ భోజనంలోనూ అతనిది ఒకటే పాట. "అమ్మ నా కార్డులు చెత్తలో పారేయకపోతే ఈపాటికి నేను కోటీశ్వరుణ్ణి." ఆ వీధిలో ఆ వయసు మగవాళ్ళందరూ పాడే పాటే అది. కానీ వెర్లిన్ కన్నతల్లి ఎదురుగానే పాడేవాడు. పాపం ఆవిడ తల వంచుకుని, టర్కీ కోడి కాళ్ళు రెండూ అతని పళ్ళెంలోనే వేసేది. తమ్ముడు క్లైడ్‌కి కాలు రుచి ఎలా ఉంటుందో ఈ రోజుకీ తెలియదు. ఇప్పుడీ పెట్టె బయటపడితే ఆ కాళ్ళూ పోతాయి, తల్లి ముందు పరువూ పోతుంది.

పోనీ అమ్ముకుందామా అంటే ఒక్క కార్డూ సవ్యంగా లేదు. టపటపమని చప్పుడు చేయాలని సైకిల్ చక్రాల ఊచలకి తగిలించినవి సగం. మిగతా సగంలో ఆటగాళ్ళందరికీ పెన్నుతో మీసాలున్నాయి. గీసింది వెర్లినే.

అతను ఆ పెట్టెని పాడైన టోస్టర్ తాలూకు ఖాళీ డబ్బాలో దూర్చి, వంటింటి మూల పెట్టి, చేతులు కడుక్కోడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి మూల ఖాళీగా ఉంది.

"ఇక్కడ టోస్టర్ ఉండాలి కదా?"

"రెండు డాలర్లకి ఇచ్చేశాను. పక్కింటి గార్త్ తీసుకున్నాడు," అంది నొరీన్.

వెర్లిన్ ఇంటి చెప్పులతోనే పరుగెత్తి గార్త్‌ని అతని గేటు దగ్గర పట్టుకున్నాడు.

"అది అమ్మేది కాదు గురూ. ఇదిగో, ఐదు తీసుకో."

"పనిచేయని టోస్టర్‌కి ఐదా?"

"పదిస్తా."

అక్కడే పప్పులో కాలేశాడు. అమ్మిన పాత సామాను కోసం మనిషి వెంటపడ్డాడంటే అందులో ఏదో ఉందని వీధి వీధంతటికీ తెలుసు. గార్త్ డబ్బా తెరిచి చూశాడు. లోపలి బూట్ల పెట్టె మూత సందులోంచి ఒక కార్డు అంచు కనబడింది.

"బేస్‌బాల్ కార్డులు," అన్నాడు నెమ్మదిగా.

"చెత్తవి. దమ్మిడీకి పనికిరావు," అన్నాడు వెర్లిన్. జీవితంలో అతను కార్డుల గురించి చెప్పిన మొదటి నిజం అదే, ఒక్కడూ నమ్మలేదు. బల్లల దగ్గర బేరాలాడుతున్న జనమంతా ఇటు వచ్చేశారు. గార్త్ కాలిబాట మీదే వేలం మొదలుపెట్టాడు.

అప్పుడే ఓపల్ కారు వచ్చి పూలకుండీని రాసుకుంటూ ఆగింది. తల్లి కంట పడకూడదని వెర్లిన్ వెళ్ళి ఆ డబ్బా మీద కూర్చున్నాడు. జనానికి ఇంతకన్నా రుజువేం కావాలి. ఎక్కడినుంచో వచ్చిన ఒక వ్యాన్ పెద్దమనిషి రెండు వందలు గార్త్ చేతిలో కుక్కి, డబ్బాని వెర్లిన్ కిందినుంచి లాక్కుని, తెరిచి చూసేలోగా గార్త్ ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని అలాగే వెళ్ళిపోయాడు.

"ఏమిట్రా ఈ గుంపు?" అంది ఓపల్.

"ఏం లేదమ్మా. టోస్టర్."

"క్రిస్మస్ చెట్టు వెనక నీ కార్డుల పెట్టె ఉండాలి. అది మాత్రం అమ్మకండి. నా ఇల్లు అమ్మినప్పుడు నేనే మీ అటక మీద పెట్టించాను."

వెర్లిన్ వ్యాన్ వెళ్ళిన వైపు చూశాడు. "మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?" అన్నాడు.

"చెబుదామనే అనుకునేదాన్నిరా. నన్ను తిడుతుంటే నీ మొహంలో ఎంత సంతోషమో. ఎందుకు పాడుచేయాలిలే అనిపించేది."

అతనికి నిజంగానే సిగ్గేసింది. ఆ సిగ్గు నవంబరు దాకా ఉంది.

నవంబరు నాటికి ఆ వ్యాన్, ఆ రెండు వందలు అతని బుర్రలో బాగా ఊరాయి. ఆ కార్డుల మీది మీసాలు అతని జ్ఞాపకంలో ఒక్కొక్కటే చెరిగిపోయాయి. థాంక్స్‌గివింగ్ బల్ల దగ్గర అందరూ కూర్చున్నాక వెర్లిన్ గొంతు సవరించుకున్నాడు.

"నొరీన్ నా కార్డుల్ని రెండు డాలర్లకి అమ్మేయకపోతే ఈపాటికి..."

ఓపల్ లేచి టర్కీ కాళ్ళు రెండూ కోడలి పళ్ళెంలో వేసింది.

"తినమ్మా," అంది. "ముందు ముందు నీకు చాలా ఓపిక కావాలి."