బురుజుకు కిటికీ పెట్టిన నేరం

బొమ్మ గీయడం చాలా తేలిక. దాని మీద అభిప్రాయం చెప్పడమే కష్టం!

నమ్మకం కుదరడం లేదా? మా అక్కనే తీసుకోండి. బొమ్మ గీయాలంటే ఆవిడకి ఓ దళసరి కాగితం, గుప్పెడు బ్రష్షులు, రంగులు, కొన్ని వారాల సమయం ఉంటే సరిపోతుంది. మరి అభిప్రాయం చెప్పేవాడికో? కిక్కిరిసిన బస్సులో నిలబడి, ఓ చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, దిగాల్సిన స్టాపు వచ్చేలోగా ఆ బొమ్మని తీసిపారేయాలి! ఎవరిది కష్టమో మీరే చెప్పండి.

కాబట్టి నేను ఘంటాపథంగా చెబుతున్నాను. అభిమానుల అభిప్రాయాలు చిత్రకారులకు దొరికిన వరం. ఇది తెలియక మా అక్క లాంటివాళ్ళు ఊరికే కళ్ళు తుడుచుకుంటూ ఉంటారు.

తెలియనివాళ్ళకి ముందు రెండు ముక్కలు. బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట ఒకటుంది. పిల్లలది కాదు, ఉద్యోగాలూ బీపీలూ ఉన్న పెద్దవాళ్ళది. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక వీరుడో మాంత్రికురాలో అయిపోయి, పాచికలు దొర్లించి, రాక్షసుల్ని చంపుతారు. లేదా చస్తారు. దీనంతటికీ ఆధారం ఇటుకంత లావు పుస్తకం, అందులో సగం నిబంధనలు, సగం బొమ్మలు. ఆ పుస్తకం కొత్త ఎడిషన్‌కి బొమ్మలు వేస్తున్నది మా అక్క. ఆ ఆటకి వీరాభిమాని మా బావ. ఇద్దరూ ఉండేది ఒకే ఇంట్లో. ఇక చెప్పేదేముంది!

పాత ఎడిషన్ బొమ్మలు నల్లసిరాతో గీసినవి. వాటిలో డ్రాగన్, అజీర్తి చేసిన తొండలా ఉంటుంది. కానీ మన అభిమానులు దాన్ని మీసాలు రాని వయసులో చూశారు. ఆ వయసులో చూసిన తొండ జీవితాంతం డ్రాగనే. ఆ తర్వాత ఎంత గొప్ప డ్రాగన్‌ని గీసి చూపించినా వాళ్ళ కంటికి ఆనదు.

పుస్తకం అచ్చుకి వెళ్ళేముందు పబ్లిషర్ కొన్ని రంగుల బొమ్మల్ని ఫ్యాన్స్ గ్రూపులో పెట్టి, "మీ అభిప్రాయం చెప్పండి" అన్నాడు. తేనెతుట్టె మీద రాయి విసిరి "ఎవరైనా ఉన్నారా" అని అడిగాడన్నమాట!

డ్రాగన్ మరీ శుభ్రంగా ఉంది, దానికి స్నానం ఎవరు చేయించారు? రంగులు ఎక్కువయ్యాయి. రంగులు చాలలేదు. ఈ రెండూ రాసింది ఒక్కడే, ఒకటి కాఫీకి ముందు, ఒకటి తర్వాత. మాంత్రికురాలు ఎందుకు నవ్వుతోంది? అంత మంత్రదండం ఉన్నావిడ కాళ్ళకి ఆ అరిగిపోయిన చెప్పులేమిటి? ఒకాయన స్కేలు పెట్టి కొలిచి, ఆ రెక్కలతో ఆ డ్రాగన్ ఎగరలేదని శాస్త్రీయంగా నిరూపించి, "నిజం డ్రాగన్ ఇలా ఉండదు" అని ముగించాడు. పాపం, ఎన్నిటిని చూసి ఉంటాడో!

ఇంకొకాయన, "ఇది మనిషి గీసింది కాదు, మెషీన్ గీసింది. మెషీన్లకి వేళ్ళ లెక్క తెలియదు, కావాలంటే లెక్కపెట్టి చూడండి" అన్నాడు. గ్రూపు గ్రూపంతా పనులు మానుకుని వేళ్ళు లెక్కపెట్టింది. చేతికి ఐదే వచ్చాయి. "చూశారా, సరిగ్గా ఐదు! మెషీన్ ఎంత తెలివి మీరిపోయిందో!" అని తేల్చేశారు.

అది చదివేటప్పటికి మా అక్క కుడి మణికట్టుకి పట్టీ ఉంది. గీసి గీసి వచ్చిన వాపు. మెషీన్లకి వాపులు రావు కాబట్టి ఆ పట్టీని అలంకారం కింద లెక్కేసుకోవాలి.

మరి ఇందులో వరమేముందంటారా? బోలెడుంది! మా నాన్న అక్కని అనవసరంగా ఆర్ట్ కాలేజీలో చేర్పించాడు. అక్కడ ఒక్క మాస్టారు ఒక్క తప్పు చెప్పడానికి మూడు రోజులు మొహమాటపడేవాడు. ఇక్కడ మొహమాటమే లేదు! పైగా మా అక్కకి దిష్టి తగిలే ప్రమాదం శాశ్వతంగా తప్పిపోయింది. అన్నిటికన్నా గొప్ప సంగతి, వాళ్ళ అత్తగారు కోడలికి వంకలు పెట్టడం మానేశారు. పోటీ తట్టుకోలేక! "నేను ఇన్నేళ్ళలో అన్నవన్నీ వీళ్ళు భోజనాల వేళకే అనేశారే" అని నివ్వెరపోయి, మర్నాటికల్లా కోడలి పక్షంలో చేరిపోయారు. ఏ కౌన్సెలర్ సాధించగలడండీ ఇది?

ఇక మా బావ. మామూలు రోజుల్లో లిఫ్టులు తనిఖీ చేసే ఇంజనీరు. ఆదివారం మాత్రం గొడ్డలయ్య. పెళ్ళికి ముందునుంచీ, ఆమాటకొస్తే పెళ్ళిచూపులకి ముందునుంచీ, ఆటలో ఆయన వీరుడు ఈ గొడ్డలయ్యే. గ్రూపులో 'నల్లసిరా దళం' అని ఒకటుంది. రంగులు వద్దు, పాత గీతలే ముద్దు అంటుంది. దానికి నాయకుడు కూడా ఆయనే. హాల్లో సోఫాలో కూర్చుని అభిప్రాయం రాస్తాడు. లోపలి గదిలో అక్క ఫోను టింగుమంటుంది. ఇంతకన్నా ఫాస్ట్ సర్వీసు ఏ దేశంలో ఉంది?

ఓ రోజు అక్క బ్రష్షు పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. "ఏమండీ, 'ఈ గొడ్డలి వీరుడి పొట్ట ప్రకృతి విరుద్ధం' అని రాసింది మీరేనా?"

"నీ మీద కాదే. స్టైల్ మీద."

"ఆ బొమ్మకి నిలబడింది మీరేగా! తుడుపుకర్ర పట్టుకుని, పొద్దున్నంతా!"

బావ తన పొట్టకేసి చూసుకున్నాడు. మళ్ళీ ఫోనుకేసి చూశాడు. "అదే నేననేది. నీ స్టైల్లో పడితే మామూలు మనిషి కూడా ఇలా అయిపోతున్నాడు" అన్నాడు.

మా అక్క పనితీరు అదండీ. ఇంట్లో ఎవరు దొరికితే వాళ్ళని నిలబెట్టి గీస్తుంది. నేనూ ఓసారి యుద్ధభూమిలో శవంగా పడుకున్నాను. "శవంలో సహజత్వం లోపించింది" అన్నారు అభిమానులు. నేను నొచ్చుకోలేదు. ఇంకా బతికే ఉన్నందుకు అదో సర్టిఫికెట్ కదా!

ఇలా అంతా కులాసాగా సాగిపోతుండగా బురుజు బొమ్మ దగ్గర అసలు గొడవ మొదలైంది.

కథలో ఒక నల్ల బురుజు. దాని పైగదిలో ఏళ్ళ తరబడి బందీగా ఉన్న ఒక ముసలావిడ. నిబంధనల ప్రకారం ఆ గదికి ఒకే తలుపు. పుస్తకంలోని మ్యాపులోనూ అంతే. మా అక్క మొదట అలాగే గీసింది. గీస్తే ఏముంది, చీకట్లో చీకటి! ఆవిడ ముఖమే కనబడలేదు. అక్కకి నిద్ర పట్టలేదు. మర్నాడు గోడకి ఓ కిటికీ పెట్టింది. దాని కింద ముసలావిడ కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తుంటుంది. కిటికీలోంచి వెలుతురు ఆవిడ నుదుటి మీదా, వేళ్ళ మీదా, దారం కొస మీదా పడుతుంది. అక్క వేసిన వాటన్నిట్లోకీ గొప్ప బొమ్మ అది. ఇది మాత్రం నేను వ్యంగ్యంగా అనడం లేదు.

ఆ ముసలావిడ బొమ్మకి కూర్చున్నది ఎవరనుకున్నారు? అత్తగారే! మధ్యాహ్నాలు బావ ఆఫీసులో ఉన్నప్పుడు, వెనక గది కిటికీ దగ్గర స్టూలేసుకుని, నడుం నొప్పెడుతున్నా కదలకుండా కూర్చున్నారు. అపార్ట్‌మెంట్లో కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా అందరికీ చెప్పేశారు, "మా కోడలు నన్ను పుస్తకంలో వేస్తోంది" అని. ఒక్క కొడుక్కి తప్ప. "వాడికి చెప్పకే. చూస్తాడుగా. వాడంతట వాడే గుర్తుపట్టాలి" అని పట్టుబట్టారు. ఆవిడ కోరిక అదొక్కటే, పెద్ద కోరికేం కాదు.

బొమ్మ గ్రూపులోకి వచ్చింది. బావ చూశాడు. అదిరిపడ్డాడు. "కిటికీయా!"

ఆ సాయంత్రమే 'బురుజుకు కిటికీ పెట్టిన నేరం' అని ఓ పెద్ద వ్యాసం రాసిపడేశాడు. నిబంధనల్లో లేని కిటికీ! మ్యాపులో లేని కిటికీ! పాత పుస్తకంలో ఇలాంటి అన్యాయం ఎన్నడైనా జరిగిందా? దళమంతా జేజేలు కొట్టింది. ఆ తర్వాత బావ ఆ బొమ్మని వదల్లేదు. పెద్దది చేసి చూశాడు. భూతద్దం పెట్టి చూశాడు. గోడ మందం లెక్కగట్టాడు. వెలుతురు వాలుని బట్టి సూర్యుడు ఎటున్నాడో తేల్చాడు. ఆయన ఫోను కళ్ళకి దగ్గరగా తీసుకున్నప్పుడల్లా అత్తగారు చేతిలో పని ఆపి, కొంగు సర్దుకుని కూర్చునేవారు.

"చూశాడంటావా?" అని గుసగుసగా అడిగేవారు.

"కిటికీని చూస్తున్నారత్తయ్యా" అనేది అక్క.

ఇంతలో ఎడిటర్ ఫోను చేశాడు. "మేడమ్, అభిమానులు ఒప్పుకోవడం లేదు. కిటికీ మూసేయండి. లేదంటే మొత్తం పాత బొమ్మలతోనే వేసేస్తాం. ఈ ఆదివారం కొన్ని జట్లు కొత్త పుస్తకం నమూనాతో ఆడి చూస్తున్నాయి. ఆ తర్వాత తేల్చేస్తాం."

"కిటికీ మూస్తే ఆవిడ కనబడదండీ."

"ఏ ఆవిడ?" అన్నాడు ఎడిటర్.

అక్క ఫోను పెట్టేసి, శుభ్రంగా ఉన్న బ్రష్షుల్నే మళ్ళీ కడిగింది. కొన్ని నెలల పని పోతుందన్న దిగులు ఒకటి. భవనమంతా చెప్పుకున్న అత్తగారికి ఏం చెప్పాలన్నది అంతకంటే పెద్ద దిగులు.

ఆదివారం వచ్చింది. నమూనా అందుకున్న జట్లలో బావ జట్టు కూడా ఒకటి. హాల్లో బల్ల వేశారు. కథ నడిపేది ఓ పశువుల డాక్టరు. గేదెల్ని అదిలించి అదిలించి ఆయనకి గంభీరమైన గొంతు వచ్చింది. ఆడేది బావ, ఓ లెక్కల టీచరమ్మ, మందుల షాపాయన. నేను ప్రేక్షకుణ్ణి. ఆట మధ్యలో గొడ్డలయ్య ఒంటరిగా ఆ బురుజు పైగదిలో ఇరుక్కున్నాడు. బయట గడియ పడింది. మెట్ల మీద నుంచి మంటలు వస్తున్నాయి. తలుపు పగలగొడదామని పాచిక వేస్తే ఒకటి పడింది. మళ్ళీ వేస్తే మళ్ళీ ఒకటే!

ఈ జట్టులో ఒక ఆచారముంది. వీరుడు చస్తే, అతని వివరాలు రాసుకున్న కాగితాన్ని ఆడేవాడే తన చేత్తో చింపేయాలి. మిగతావాళ్ళు లేచి నిలబడతారు. టీచరమ్మ అప్పుడే కుర్చీ వెనక్కి జరిపింది. మా బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. లిఫ్టు తాడు తెగినా అంత కంగారుపడి ఉండడు.

"పొగ కమ్ముకుంటోంది. ఏం చేస్తావ్?" అన్నాడు డాక్టరు.

బావ నెమ్మదిగా పుస్తకం తిరగేశాడు. బురుజు బొమ్మ దగ్గర ఆగాడు. టీ కప్పులతో వచ్చిన అక్క గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఆ... ఏం లేదు... కిటికీ..." అన్నాడు.

"ఏ కిటికీ? అలాంటిది లేనే లేదని వ్యాసం రాసింది నువ్వేగా!"

"బొమ్మలో ఉంది కదయ్యా!"

"మ్యాపులో లేదే?"

"మ్యాపు గీసినవాడికేం తెలుసు? బొమ్మ గీసింది మా ఆవిడ!"

అందరూ అక్కకేసి తిరిగారు. డాక్టరు న్యాయంగానే అడిగాడు. "మీరు చెప్పండమ్మా. అది తెరుచుకుంటుందా?"

అక్క కప్పులు నింపాదిగా బల్ల మీద పెట్టింది. "ఏమండీ, స్టైల్ ఎలా ఉంది?" అని అడిగింది.

"అద్భుతం!"

"రంగులు?"

"ఇలాంటి రంగులు ఎక్కడా చూడలేదు!"

"ఊచలు లేవు. దూకండి" అంది అక్క.

దూకాడు! పాచిక ఆరు పడింది. బతికాడు! అందరూ చప్పట్లు. ఆ సాయంత్రమే నల్లసిరా దళం నాయకుడు మరో వ్యాసం రాశాడు, 'కిటికీ లేని బురుజు ఒక బురుజేనా?' అని. అప్పటికే మిగతా జట్ల వీరులు కూడా అదే గదిలో ఇరుక్కుని, అదే కిటికీలోంచి దూకి బయటపడ్డారట. దళమంతా ఒక్కసారిగా ఇటు తిరిగింది. పాత పుస్తకంలోనూ కిటికీ ఉండేదని, తాము చిన్నప్పుడు కళ్ళారా చూశామని సాక్ష్యాలు చెప్పినవాళ్ళూ ఉన్నారు!

చూశారా, అభిమానులు ఎంత మంచివాళ్ళో! నేను ఇక్కడితో కలం మూసేద్దామనుకున్నాను. మర్నాడు ఎడిటర్ ఫోను రాకపోతే మూసేసేవాణ్ణే.

అందరం హాల్లోనే ఉన్నాం. అక్క స్పీకరు నొక్కింది.

"మేడమ్, కంగ్రాచ్యులేషన్స్! మీ బొమ్మలే ఖాయం. కిటికీ ఉండి తీరాల్సిందేనని అభిమానులు పట్టుబడుతున్నారు. ఒక్క చిన్న మార్పు. కిటికీ కింద ఎవరో ముసలావిడ కూర్చునుందట. దూకేటప్పుడు కాళ్ళకి అడ్డం వస్తోందని గ్రూపులో ఒకటే గోల. ఆవిడని తీసేస్తే సరిపోతుంది."

అక్క చప్పున అత్తగారికేసి చూసింది. బావ మాత్రం తల పంకించాడు. ఫోనులో బొమ్మ తీసి, పెద్దది చేసి, మొదటిసారి కిటికీ కింది భాగానికి జరిపాడు.

"నిజమేనే. నిన్న గొడ్డలయ్యకి కాలు పెట్టడానికి చోటే లేదు. ఇంతకీ ఎవరే ఈవిడ?"

పక్కనే కుర్చీలో ఆయన చొక్కాకి బొత్తం కుడుతున్న అత్తగారు తల ఎత్తలేదు.

"నేనేరా నాయనా. నీ దారికి అడ్డమైతే చెప్పు, పక్కకి జరుగుతాను."