కొమ్ము ఎరువూ, బట్టల మిషనూ

ఫుల్‌జాన్స్ పేరులో ఫుల్ ఉంది గానీ, పనిలో అతనెప్పుడూ హాఫే. మిగతా సగం అతని భార్య సోలాంజ్ చేస్తుంది, లేదా అతని చేతే చేయిస్తుంది.

ల్వార్ నదికి కూతవేటు దూరంలో, వెర్నోలెట్ అనే ఊళ్ళో వాళ్ళకో చిన్న ద్రాక్షతోట ఉంది. తోట సోలాంజ్‌ది. ఆమె మేనత్త పోతూ పోతూ తోటతోపాటు పట్టింపులు కూడా మేనకోడలికి అప్పజెప్పి పోయింది. అక్కడ పురుగుమందు చల్లరు. చంద్రుణ్ణి అడగకుండా కత్తెర ముట్టరు. ద్రాక్షరసంలో ఈస్టు కలపరు. తొక్క మీద ఏది అంటుకుని ఉంటే దానితోనే అది తనంతట తాను పులియాలి. సీసాలో ద్రాక్ష తప్ప మరో పదార్థం ఉండకూడదన్నది సోలాంజ్ పట్టు.

"మరి ఈ పులుపు ఎక్కణ్ణించి వచ్చిందే?" అని ఫుల్‌జాన్స్ ఓసారి గ్లాసు పట్టుకుని అడిగాడు.

"అది మన నేల మాట్లాడే మాట."

"అయితే మన నేలకి మీ అమ్మ నోరొచ్చినట్టుంది."

ఆ పూట అతనికి వంటింట్లో ఎండు రొట్టె తప్ప ఏమీ దొరకలేదు.

అన్నిట్లోకీ పెద్ద తతంగం ఆవుకొమ్ముది. ఆకు రాలే రోజుల్లో ఆవుకొమ్ముల్లో పేడ కూరి తోటలో పాతిపెడతారు. చలికాలమంతా అది నేలలో మాగి, వసంతంలో తవ్వేసరికి కమ్మటి మట్టివాసనేసే నల్లటి ఎరువవుతుంది. అందులో పిడికెడు తీసి పీపాలోని వాననీళ్ళలో వేసి గంటసేపు కలపాలి. ఊరికే కలిపితే చెల్లదు. కుడివైపు తిప్పి సుడి తెప్పించి, ఆ సుడిని తెగ్గొట్టి, మళ్ళీ ఎడమవైపు తిప్పాలి. అదీ చేత్తోనే. గంట అయ్యేసరికి కలిపినవాడికి కళ్ళు కూడా ఓసారి కుడివైపు, ఓసారి ఎడమవైపు తిరుగుతాయి.

ఏప్రిల్‌లో ఓ శనివారం పొద్దున ఫుల్‌జాన్స్ కాఫీ గిన్నెలో రొట్టె ముంచుకుంటున్నాడు. సోలాంజ్ గోడమీది చంద్రుడి క్యాలెండరు చూసి అంది.

"రేపు చంద్రుడు దిగుతున్నాడు."

"దిగనీ. నేనేమన్నా అడ్డం నిలబడ్డానా?"

"నేలకి మేలుచేసే రోజది. రేపు మధ్యాహ్నం కొమ్ము నీళ్ళు కలపాలి. నేను స్టేషనుకెళ్ళి మదాం పెరోటాన్ తీసుకురావాలి. కాబట్టి కలిపేది నువ్వు."

అతని రొట్టె కాఫీలో మునిగిపోయింది.

మదాం పెరోటా అంటే మామూలు చుట్టం కాదు. ఇలా ప్రకృతి పద్ధతిలో ద్రాక్షసారా తీసేవాళ్ళ సంఘం తరఫున తోటల్ని పరీక్షించే మనిషి. ఆవిడ తల ఊపితే సీసా మీద సంఘం ముద్ర పడుతుంది. ఆ ముద్ర కోసం సోలాంజ్ ఏళ్ళ తరబడి కలుపు పీకి, గుర్రంతో దున్ని, వడగళ్ళకు ఏడ్చి, మళ్ళీ లేచి నిలబడింది.

"రేపా? రేపు బంతులాట ఫైనల్ కదే!" అని మూలిగాడు ఫుల్‌జాన్స్.

ఆ ప్రాంతంలో బంతులాట అంటే ప్రాణం. నేల గీరుకుపోకుండా మెత్తటి ఇంటిచెప్పులేసుకుని, ఒకవైపు బరువెక్కిన బంతుల్ని చిన్న గురిబంతి దగ్గరికి దొర్లించాలి. ఆ బంతి తిన్నగా వెళ్ళమంటే వంకరగా పోతుంది. ఓడిపోయినా పరవాలేదు గానీ, గుండుసున్నాతో ఓడితే మాత్రం క్లబ్బులో తెర తొలగించి, ఫానీ అనే అమ్మాయి బొమ్మకి వెనకవైపు, అంటే సరిగ్గా కూర్చునే చోట, అందరి ముందూ ముద్దు పెట్టాలి. వెర్నోలెట్ ముగ్గురాటగాళ్ళ జట్టులో ఫుల్‌జాన్స్ కొమ్ములు తిరిగిన ఆటగాడని పేరు.

"అక్కడ కొమ్ములు తిరిగినా, ఇక్కడ కొమ్ము నీళ్ళు తిప్పాల్సిందే," అంది సోలాంజ్.

మామూలుగా అయితే అతను సాయంత్రం దాకా వాదించేవాడే. కానీ అప్పుడే వంటింటి వెనక కొట్టంలో బట్టల మిషను తిరుగుతున్న చప్పుడు వినపడింది. గుర్రు గుర్రుమని ఒకవైపు తిరిగింది. ఆగింది. గుర్రు గుర్రుమని రెండోవైపు తిరిగింది.

ఫుల్‌జాన్స్ ముఖం వెలిగింది. కుడికి తిప్పడం, ఆపడం, ఎడమకి తిప్పడం. పైగా మూత పైనుంచి తెరుచుకునే రకం, నీళ్ళు పొయ్యడం కూడా సులువు. తిప్పేది చెయ్యో మిషనో అంత ఎత్తునుంచి చంద్రుడికేం కనపడుతుంది?

"సరేలే. కలుపుతాను. నువ్వు నిశ్చింతగా వెళ్ళు," అన్నాడు.

సోలాంజ్ అతనివైపు ఓ క్షణం చూసింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె కాగితంలో కట్టిన ఎరువు అతని చేతికిచ్చి కారెక్కింది. కారు మలుపు తిరిగిందో లేదో ఫుల్‌జాన్స్ వాననీళ్ళు బకెట్లతో మోసి మిషనులో పోశాడు. ఎరువు వేశాడు. పాడు నీళ్ళు పోయే గొట్టం ఊడదీసి పీపాలో పెట్టాడు. మిషను కలుపుతుంది, కలిపాక తనే పీపాలోకి పోస్తుంది. ఇంత చిన్న ఉపాయం ఇన్నేళ్ళూ ఎవరికీ తట్టనందుకు అతనికి మానవజాతి మీద జాలేసింది. మరీ మొరటుగా తిప్పకూడదని 'ఉన్ని బట్టలు' అన్న గుర్తు దగ్గర మీట పెట్టాడు.

మిషను మర్యాదగా తిరగసాగింది. అతను ఇంటిచెప్పులు చంకలో పెట్టుకుని, టోపీ సవరించుకుని, గుమ్మం దాటబోయాడు.

వెనకనుంచి తుమ్మినట్టు చప్పుడైంది.

తిరిగి చూస్తే మూత అంచుల్లోంచి నురగ పొంగుతోంది. మిషను లోపలి సబ్బు డబ్బాలో మిగిలిన పొడి సంగతి అతనికి తెలీదు. అసలు అక్కడ సబ్బు డబ్బా ఉంటుందనే తెలీదు. నురగ ముందు తెల్లగా, తర్వాత గోధుమరంగులో, లావెండర్ పరిమళంతో, పెళ్ళి కేకులా అంతస్తులు కట్టుకుంటూ లేచింది. అతను దొరికిన మీటలన్నీ నొక్కాడు. వాటిలో ఒకటి నీళ్ళు పిండే మీట.

ఆవు ఎరువు లోపలికెళ్ళిందేమో, మిషనుకి ఆవే పూనింది. ఓ రంకె వేసి, కాళ్ళు టకటకలాడిస్తూ కొట్టంలోంచి పెరట్లోకి బయల్దేరింది. గొట్టం పీపాలోంచి ఎగిరి బుసకొడుతూ కోళ్ళ మీదా, గోడ మీదా, ఫుల్‌జాన్స్ మీదా చిమ్మింది.

సరిగ్గా అప్పుడు బంతులాట క్లబ్బు పెద్ద ఒనెజీమ్ ముసలాయన గేటు తోసుకుని వచ్చాడు. ఇస్త్రీ చేసిన నీలం కోటు, దాని మీద క్లబ్బు బిళ్ళ.

"ఏరా ఫుల్‌జాన్స్! అవతలివాళ్ళు పాయింట్ల మీద పాయింట్లు కొడుతున్నారు. మనది సున్నా! నువ్వు రాకపోతే ఈ వయసులో నేను ఆ ఫానీకి..."

గొట్టం ఆయన వైపు తిరిగింది. మాట అక్కడే ఆగిపోయింది.

"ఒనెజీమ్ గారూ, ముందు దీనిమీద కూర్చోండి! లేకపోతే రోడ్డెక్కేస్తుంది!"

"దేనిమీదరా?"

"మిషను మీదండీ! తర్వాత చెబుతాను!"

సోలాంజ్ కారు పెరట్లోకి వచ్చేసరికి నడివయసు మొగుడొకడూ, క్లబ్బు పెద్దొకాయనా ఒకే బట్టల మిషను మీద పక్కపక్కన కూర్చుని, ఒకరినొకరు వాటేసుకుని, గడగడ వణుకుతూ కనపడ్డారు. ఇద్దరికీ నురగ గడ్డాలున్నాయి.

"బాం... బాం... బాంజూర్ మదాం," అన్నాడు ఫుల్‌జాన్స్. వణికింది మర్యాదతో కాదు.

మదాం పెరోటా కళ్ళజోడు సవరించుకుంది. సన్నగా, పొడుగ్గా, గీటు గీసినట్టుండే మనిషి. గాలి పీల్చి, "లావెండరా?" అంది.

సోలాంజ్ నింపాదిగా వెళ్ళి మిషను తీగ ఊడబెరికింది. మొగుళ్ళ విషయంలో కూడా అలాంటి తీగొకటి ఉంటే బాగుండునన్నట్టు చూసింది.

"మా ఆయనకి శుభ్రమంటే ప్రాణం, మదాం. కొమ్ము నీళ్ళు కలిపే ముందు తనూ కడుక్కుని, కోళ్ళనీ, గోడనీ, ఊరి పెద్దల్నీ కూడా కడుగుతారు. గంటసేపూ మీ ఎదుటే కలుపుతానని నిన్నట్నించీ ఒకటే సరదా."

ఫుల్‌జాన్స్ ఆమెను పక్కకి లాగి గుసగుసలాడాడు. "ఇంకేం కలపనే? ఎరువంతా పోయింది! నీ ముద్ర, నీ తోట... నన్ను చంపెయ్యి సోలాంజ్."

ఆ తోట కోసం ఆమె వడగళ్ళలో ఏడ్చిన రోజు అతనికి గుర్తే.

"ఎరువు నేలమాళిగలో భద్రంగా ఉంది," అంది సోలాంజ్. "నీకిచ్చింది కుందేళ్ళ దొడ్లో మట్టి."

"ఆఁ?"

"నిన్న టేపు పట్టుకుని మిషను మూత కొలిచావుగా, కిటికీలోంచి చూశాను. పెళ్ళయినప్పట్నించీ దాని మొహం చూడనివాడివి, ఒక్కసారిగా దానికి గౌను కుట్టిస్తావా? వెళ్ళు, చొక్కా చేతులు మడుచుకో."

"నా ఫైనలో?" అని అరిచాడు ఒనెజీమ్. "మూడో మనిషి లేడమ్మా!"

"పదండి, నేనొస్తాను."

"నీకు ఆట వచ్చా?"

"ఒకవైపు బరువెక్కి, తిన్నగా పొమ్మంటే వంకరగా పోయేదాన్ని దారిలో పెట్టడం నాకు కొత్తా, ఒనెజీమ్ గారూ? ఇన్నేళ్ళుగా ఇతనితో కాపురం చేస్తున్నాను."

మొగుడి చంకలోంచి జారిపడ్డ ఇంటిచెప్పులు తీసుకుని కారెక్కి వెళ్ళిపోయింది.

ఫుల్‌జాన్స్ పీపా కడిగి వాననీళ్ళు నింపి, నేలమాళిగలోంచి తెచ్చిన అసలు ఎరువు వేసి, చెయ్యి పెట్టాడు. మదాం పెరోటా ఎదురుగా కుర్చీ వేసుకుంది.

"సుడి లోతు చాలదు."

తిప్పాడు.

"ఇప్పుడు తెగ్గొట్టండి. రెండోవైపు. కలిపేవాడి మనసు నీళ్ళలోకి దిగుతుందంటారు, మస్యే ఫుల్‌జాన్స్. నిర్మలంగా ఆలోచించండి. ఇప్పుడేమాలోచిస్తున్నారు?"

అతని మనసు నిండా ఫానీ బొమ్మ ఉంది.

"చంద్రబింబం, మదాం," అన్నాడు. "గుండ్రంగా, నిండుగా."

ఆవిడ కళ్ళు చెమర్చాయి.

భుజం తనది కాదనిపించే వేళకి సోలాంజ్ తిరిగొచ్చింది. ఒనెజీమ్ ఆమె వెనకే గెలిచిన కప్పు నెత్తిన పెట్టుకుని, పిల్లాడిలా గెంతుతూ వచ్చాడు. ఫానీకి ముద్దుపెట్టే యోగం తప్పిందని ఊరంతా వినేలా చెప్పాడు. ఫుల్‌జాన్స్ సంతోషించాలో ఏడవాలో తేల్చుకోలేక రెండూ కొంచెం కొంచెం చేశాడు.

పొద్దు వాలేలోగా సోలాంజ్ ఆ నీళ్ళు తోటంతా చల్లింది. మదాం పెరోటా మట్టి చిదిమి వాసన చూసింది, పీపాల్లో పులుస్తున్న రసానికి చెవి ఆనించి విన్నది, తల ఊపింది. ముద్ర ఖాయమైంది. సోలాంజ్ ముఖం పక్కకి తిప్పుకుని కొంగులేని గౌను చేతితోనే కళ్ళు తుడుచుకుంది.

"ఒక్కమాట," అంది మదాం పెరోటా. "ఇంత శ్రద్ధగా కలిపే మనిషిని నేను చూడలేదు. ఈ చుట్టుపక్కల తోటలవాళ్ళు ముసలివాళ్ళయ్యారు, భుజాలు పనిచెయ్యవు. మీవారు కాస్త సాయం చెయ్యగలరా?"

"ఆయన్ని అడగాలా?" అంది సోలాంజ్. "ఎగిరి గంతేస్తారు."

ఫుల్‌జాన్స్ నోరు తెరిచాడు. భార్య వైపు చూశాడు. భార్య పెరటి మధ్యలో నిలబడిపోయిన మిషను వైపు చూస్తోంది. నోరు మూసుకుని, ఉన్నచోటే చిన్న గంతు వేశాడు.

ఆ తర్వాతి ఆదివారం సోలాంజ్ బంతులాటకి వెళ్ళింది. ఫుల్‌జాన్స్ పక్క ఊళ్ళో క్లోతిల్డ్ అవ్వగారి పీపా ముందు వంగి కుడివైపూ ఎడమవైపూ తిప్పుతున్నాడు. అవ్వ గడపలో కూర్చుని అల్లిక అల్లుతూ ముచ్చటగా చూసింది.

"చెయ్యి నొప్పి పుట్టట్లేదా నాయనా?"

"లేదవ్వా. నాకిదంటే ప్రాణం," అన్నాడు పళ్ళబిగువున.

"బంగారుతండ్రివి! సోలాంజ్ చెప్పింది, నీకు ఉతుకుడు కూడా బాగా వచ్చటగా. లోపల నాలుగు దుప్పట్లు నానబెట్టాను. ఇదయ్యాక అలా లోపలికి రా."