కాలిన పంచె, రెండో ముద్రణ

తెలుగు తిరుగుబాటు సాహిత్యానికి అసలైన రాజధాని బాన్సువాడ! చరిత్రకారులు ఈ సంగతి ఇంకా గుర్తించలేదు కాబట్టి ఆ పని నేనే చేస్తున్నాను. ఆ రాజధానికి శంకుస్థాపన 1998 జూలై 12, ఆదివారం మధ్యాహ్నం మా వరండాలో జరిగింది. ఆ పూట నేను జొన్నరొట్టె, పుంటికూర పప్పు తిన్నాను. మా ఆవిడ పోయినప్పటి నుంచి ఆదివారాలు ఎదురింటి భూమవ్వ కూర పంపిస్తుంది. ఉప్పు ఎక్కువైన రోజున ఏమీ చెప్పకుండా మజ్జిగ కూడా పంపిస్తుంది.

ఆ మజ్జిగ తాగుతుండగా రైసుమిల్లు వెంకట్రావు గారు వచ్చారు. గోదావరి జిల్లా నుంచి వచ్చి, కోటగిరి కాలువ కింద పొలం కొని, మా ఊళ్లో మిల్లు పెట్టిన పెద్దమనిషి. నుదుటి మీద నామాలు లేకుండా ఆయన్ని ఆయన అద్దం కూడా చూసి ఉండదు.

"మాస్టారూ, మీరు కాలేజీలో తెలుగు చెప్పినవారు. పాత పుస్తకాల కోసం హైదరాబాదు వెళ్తుంటారు. 'కాలిన పంచె' అనే కవితా సంకలనం విన్నారా?"

విన్నాను. అరవై ఎనిమిదిలో 'పొగ కవులు' అనే కుర్రకారు వేసిన, వాళ్లలో ఒకడు మారుపేరుతో రాసిన పుస్తకం. దేవుణ్ణి, పెళ్లిని, ఇస్త్రీ బట్టల్ని ఒకే గుక్కలో తిట్టాడని పేరు. ఆవిష్కరణ సభలో ఒక పంచె నిజంగానే కాల్చారట. అది ఎవరి పంచె అన్నదాని మీద ఆ ఉద్యమం రెండుగా చీలిపోయిందట.

"అరుదైన సాహిత్యాన్ని కాపాడాలనిపించిందండీ," అన్నారాయన, ఛాతీ మీద చెయ్యి వేసుకుని. "ఒక్కో ప్రతికి సన్నబియ్యం ఒక బస్తా!"

నాకు కళ్లు చెమర్చాయి. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన ఊళ్లో పుస్తకం కావాలని అడిగిన మొదటి మనిషి! మరుసటి ఆదివారమే బస్సెక్కి, ఆబిడ్స్ పేవ్‌మెంట్ల మీద మోకాళ్లు నొప్పెట్టేదాకా వెతికాను. రెండు ప్రతులు దొరికాయి. ఒకటి ఆ సాయంత్రమే ఇచ్చాను. రెండోది మర్నాడు పొద్దున్నే పట్టుకెళ్లాను.

వెంకట్రావు గారు పెరట్లో స్నానానికి నీళ్లు కాగబెట్టుకుంటున్నారు. పొయ్యిలో అరుదైన సాహిత్యం భగభగ మండుతోంది! ఇంకా అంటుకోని వెనక అట్ట మీద కవి ఫోటో కనిపించింది. గడ్డం, బీడీ, చిరిగిన చొక్కా. ఆ గడ్డం తీసేసి, నామాలు పెడితే...

"నేనేనండీ," అన్నారు వెంకట్రావు గారు, గొంతు తగ్గించి. "కుర్రతనం! దసరాకి కొత్త రామాలయం కమిటీకి ఛైర్మన్ని ఎన్నుకుంటున్నారు. పోటీలో ఉన్న గంగారాం పటేలుకి ఈ పుస్తకం ఒక్కటి దొరికిందంటే నా పని అయిపోయినట్టే. నేను వచ్చి పాతికేళ్లయినా ఈ ఊరు నన్ను ఇంకా 'ఆంధ్రాయన' అంటుంది. గుళ్లో ముందు వరసలో నిలబడితే గానీ ఊరివాణ్ణి కాలేను మాస్టారూ."

ఆ చివరి మాట మనసులోంచి అన్నారు. అందుకే నేను ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. కానీ పుస్తకం కాలుతుంటే చూడలేకపోవడం నాకు పాత జబ్బు. రెండో ప్రతిని కండువా కింద దాచుకుని ఇంటికొచ్చేశాను.

ఇక చూడండి! ఒక్క పుస్తకమే కొంటే అనుమానం వస్తుందని ఆయన ఆ కాలపు చిన్న పత్రికలు, కరపత్రాలు, గోడ కవితలు అన్నీ కొనడం మొదలుపెట్టారు. వాటికి గాజు బీరువాలు, వాటికి అత్తరు, వాటికి తాళాలు! ఒక్క 'కాలిన పంచె' మాత్రం నీళ్లపొయ్యికి. 'తిరుగుబాటు సాహిత్యానికి తోబుట్టువు' అని పేపరులో ఫోటో పడింది. బియ్యం ఆశతో నస్రుల్లాబాద్ నుంచి రుద్రూర్ దాకా జనం అటకలన్నీ దులిపారు. వరి కోతలప్పుడు కూడా ఇంత దుమ్ము లేవలేదు.

సెప్టెంబరు వచ్చేసరికి వింత జరిగింది. అయిపోవలసిన 'కాలిన పంచె' ప్రతులు పెరుగుతున్నాయి! వెంకట్రావు గారు రోజుకు రెండుసార్లు స్నానం చేస్తున్నా తరగడం లేదు. నేనొకటి తెరిచి చూశాను. కాగితానికి టీ డికాషన్ వాసన. మొదటి పేజీ పైన విఘ్నేశ్వరుడి బొమ్మ. దాని కింద 'శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు'. చివరి పేజీలో పువ్వుల బార్డరు మధ్య: 'మా మామయ్య పెండ్లికి తప్పక రావాలి. ఇట్లు, బిట్టు, సంజన.'

తిన్నగా పెళ్లికార్డులు అచ్చువేసే పండరి ప్రెస్సుకి వెళ్లాను.

"పండరీ, ఏందిది?"

"గదా సార్? రుద్రూర్ ఆయన ఒక పుస్తకం తెచ్చి గిట్లనే యాభై కొట్టమన్నడు. బియ్యంల నాకు సగం," అన్నాడు పండరి, సిగ్గేమీ లేకుండా.

"మరి దేవుడు లేడనే పుస్తకం మీద గణపతి ఎందుకు?"

"అయ్యో, పైన గణపతి లేకుంటే నా మిషన్ నడువది సార్! అడ్డం తిరుగుతది."

"బిట్టు, సంజన?"

"కింద జాగ మిగిలింది. ఖాళీగ ఇస్తే గిరాకీ బాధపడడా?"

"ఏడో పేజీలో ఉండాల్సిన కవిత ఏది?"

పండరి అటూ ఇటూ చూశాడు. "గండ్ల 'తాళి వద్దు' అని ఉన్నది సార్. గది అచ్చేస్తే ఇగ నా ప్రెస్సుకు పెండ్లి కార్డుకు ఎవడన్న వస్తడా? నా పెండ్లాం పిల్లలు బతకొద్దా?"

సాహిత్య విమర్శలో ఇంత నిజాయితీ నేను కాలేజీలో ఎన్నడూ చూడలేదు.

దసరాకి ముందు కమిటీ కూర్చుంది. ఊరి పెద్దలంతా జంపఖానా మీద సర్దుకున్నారు. వెంకట్రావు గారి పేరు చెప్పగానే గంగారాం పటేలు లేచాడు. ఆయన చేతిలో పుస్తకం! వెంకట్రావు గారి నామాలు చెమటకు కరిగి ముక్కు మీదికి దిగాయి.

"అన్నలారా! గీన దేవుణ్ణి తిట్టిన మనిషి! ఇగో సాక్ష్యం, ఎనక అట్ట మీద గీన ఫోటో! రెండు బస్తాల బియ్యమిచ్చి తెచ్చిన. పంతులుగారూ, జర సదువుండ్రి, అందరు వినాలె!"

పంతులుగారు కళ్లజోడు పెట్టుకుని, అలవాటు ప్రకారం పైనుంచి అందుకున్నారు. "శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు..." జంపఖానా మీది చేతులన్నీ జోడించుకున్నాయి. తర్వాత కవిత వచ్చింది.

"దేవుడా, నీకు నిద్రే లేదంటారు.
మరి మా అమ్మ తెల్లారగట్ల లేపేది ఎవరిని?"

పంతులుగారికి వచ్చిన రాగం ఒకటే. ఆ రాగంలో రెండుసార్లు పాడి, కళ్లు తుడుచుకున్నారు. "ఎంత చక్కని మేలుకొలుపు! తల్లిమీద భక్తి, స్వామిమీద చనువు!"

"మేలుకొలుపు కాదు పంతులూ, తిట్టు! తిట్టు!" అని గంగారాం పటేలు గంతులేశాడు. "అరే, అరవై ఎనిమిదిల గీ బిట్టు ఎవడు?"

ఎవరూ వినలేదు. వెంకట్రావు గారు లేచి, కళ్లు మూసుకుని అన్నారు: "ఆ వయసులో కూడా గణపతిని తలవకుండా కలం పట్టేవాణ్ణి కాదండీ!"

చప్పట్లు! ఏకగ్రీవం! పూలదండ!

వారం తిరక్కుండా పండరి ప్రెస్సులో 'కాలిన పంచె' రెండో ముద్రణ మొదలైంది. ఈసారి ఛైర్మన్ గారి ఖర్చుతో, వెయ్యి ప్రతులు, బిట్టు సంజనలతో సహా. గాజు బీరువాలో టీ డికాషన్ ప్రతికి పసుపు, కుంకుమ పెట్టారు. ఆవిష్కరణ ఆయన ఇంట్లోనే. పంచె కాల్చలేదు. పట్టుపంచెలు పంచారు.

"మాస్టారూ," అన్నారు ఛైర్మన్ గారు నా చెవిలో, "గణపతి లేని దొంగ ప్రతులు తిరుగుతున్నాయి. నా పేరు చెడగొట్టడానికి ఎవరో అచ్చువేశారు. మీ కంటపడితే చెప్పండి, కేసు పెడతాను!"

ముఖం చూశాను. నమ్మే అంటున్నారు.

పరమాన్నం గిన్నెతో ఆయన భార్య రాధాకుమారి గారు వచ్చారు. వడ్డిస్తూ, తల ఎత్తకుండా అడిగారు. "ఏడో పేజీ ఉన్న పుస్తకం మీ దగ్గరేమైనా ఉందాండీ? నా దగ్గరొకటి ఉండేది. చీరల మడతలో దాచుకున్నాను. మొట్టమొదట తగలబెట్టింది దాన్నేనండీ."

"ఏడో పేజీయే ఎందుకమ్మా?"

"అది నాకు రాసిందండీ. మా నాన్న రెండు పెద్ద సంబంధాలు తెచ్చినా కాదని, అది రాసిన అబ్బాయిని చేసుకున్నాను." హాల్లో దండలు వేయించుకుంటున్న మనిషిని ఒకసారి చూశారు. "ఈయన్ని కాదండీ."

పరమాన్నం సగంలో వదిలి ఇంటికెళ్లాను. దీపాలు పెట్టే వేళకు మళ్లీ వచ్చాను. అతిథులు వెళ్లిపోయారు. ఛైర్మన్ గారు వరండాలో కుర్చీ వేసుకుని తన మేలుకొలుపును పంతులుగారి రాగంలో సాధన చేస్తున్నారు.

"ఏమిటండీ ఆ పొట్లం?"

"అమ్మగారు అడిగిన పుస్తకం."

"ఇవ్వండి, ఇవ్వండి. ఆడవాళ్లు మంచి పుస్తకాలు చదవాలి!"

రాధాకుమారి గారు గుమ్మంలోనే పొట్లం విప్పారు. ఏడో పేజీ తీసి, పెదవులు మాత్రం కదిలేలా చదువుకున్నారు.

"మేళం వద్దు, తాళి వద్దు.
గొడుగు నువ్వు తెచ్చుకో, ఎండ నేను తెస్తా."

"రాధా, భోజనం వడ్డిస్తావా?" అన్నారు ఛైర్మన్ గారు రాగం ఆపి.

"వంటింట్లో మూతలు పెట్టి ఉన్నాయి," అన్నారావిడ. నాకు నమస్కారం చేసి, పుస్తకంతో లోపలి గదిలోకి వెళ్లి, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నారు.