ఎర్ర అద్దం ఉన్న ఫోన్

ఆ రోజు పొద్దున నర్సప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. ముంబై నుంచి చద్దర్ల వ్యాపారి రాజారాం సేఠ్ వస్తాడు. ద్రాక్షగుత్తుల కొత్త డిజైన్ చూసి మురిసిపోతాడు. సరిగ్గా అప్పుడు నర్సప్ప జేబులోంచి సెల్‌ఫోన్ తీసి, సేఠ్ ఫోన్‌కు ఎదురుగా పట్టుకుని, తన పేరూ నంబరూ తీగ లేకుండా అందులోకి పంపిస్తాడు. దాంతో సేఠ్ బుర్ర తిరిగి దీపావళి ఆర్డరంతా నర్సప్పకే రాసేస్తాడు. ఆ ఆర్డర్ రాకపోతే నర్సప్ప రెండు సాంచాలూ, అంటే మరమగ్గాలూ, పండగదాకా ఆగిపోయి ఉండాల్సిందే. ఇంత బరువు ఒక ఫోన్ మీద పెట్టే మనిషిని ఏమనాలో చదివేవాళ్లే అనుకోవాలి.

"పేరు పంపుతవా?" అంది భార్య గోదావరి, బీడీల చాట ఒళ్లో పెట్టుకుని. "ఎన్నేండ్ల సంది వస్తుండు ఆ సేఠు! నీ పేరు ఆయనకు ఎర్క లేదా?"

"నీకు సమజ్ కాదు. ఇది ఇన్‌ఫ్రారెడ్."

"అంటే ఏంది?"

అంటే ఏమిటో నర్సప్పకూ తెలియదు. అందుకని కోప్పడ్డాడు.

1999లో నేతవాళ్లుండే భవాని పేట్‌లోని ఆ గల్లీకంతటికీ సెల్‌ఫోన్ ఉన్నవాడు ఆయనొక్కడే. పుణె వెళ్లి మరీ కొన్నాడు. దానికి నెత్తిన బొటనవేలంత యాంటెనా, లోపల పాము ఆట, మోగకుండా వణికే సౌకర్యం, తల దగ్గర ఎర్రగా ఒక అద్దం ముక్క ఉన్నాయి. సాంచాల గదిలో మోత వల్ల రింగు వినపడదు. వణుకు సంగతి చెప్పనక్కర్లేదు, అక్కడ నేలా గోడలూ మనుషుల పళ్లూ కూడా వణుకుతూనే ఉంటాయి. పైగా ఆ గదిలో సిగ్నల్ అందదు. అందుకని నర్సప్ప రోజూ సాంచాలు ఆపి మేడెక్కి, నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి, ఎవరూ చేయని ఫోన్‌లోకి "హలో, హలో" అని గల్లీ అంతా వినేలా అరుస్తాడు.

ఆయన దిగేదాకా పక్కింటి పెంటప్ప కింద సాంచాల గదిలో మంచం మీద ఓపికగా కూర్చుని ఉంటాడు. పెంటప్పకూ రెండు సాంచాలున్నాయి. "ఫోన్ ముచ్చట ఇందామని వచ్చిన, అన్నా" అంటాడు. ఫోన్ లేనివాడికి కూడా ఇంత తీరిక ఉంటుందా అని నర్సప్ప మనసులోనే గర్వపడేవాడు.

ఆ పొద్దున చాయ్ హోటల్లో అదే పెంటప్ప ఫోన్ చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"ఈ ఎర్ర అద్దం ఏంది, నర్సప్పన్నా?"

"దాన్ల నుంచి కండ్లకు అవుపడని వెలుగు వస్తది. వైరు లేదు, ఏం లేదు. ఒక ఫోన్‌ల ఉన్నది ఇంకో ఫోన్‌ల పడ్తది."

"ఏం పడ్తది?"

పేరూ నంబరూ అంటే సరిపోయేది. కానీ చుట్టూ నలుగురు చాయ్ ఊదడం మానేసి చూస్తున్నారు. అంతమంది చూస్తుండగా చిన్న మాట చెప్పే అలవాటు నర్సప్పకు లేదు.

"ఏదైనా! ఎదురుంగ పట్టుకుంటే చాలు. డిజైన్ కూడా గుంజుకుంటది. ఒక ఇంట్లకెల్లి ఇంకో ఇంట్లకు చేరుతది."

పెంటప్ప సగం చాయ్ వదిలేసి లేచిపోయాడు.

ఆ పేట్‌లో మనిషి బీరువా తాళమైనా చేతికిస్తాడు గానీ కొత్త డిజైన్ చూపించడు. గల్లీవైపు కిటికీలు అందుకే పూడ్చేశారు. పెళ్లి సంబంధం మాట్లాడటానికి వచ్చిన వియ్యంకుణ్ణి కూడా సాంచాకు వీపు పెట్టించి కూర్చోబెడతారు. అలాంటి చోట తెరిచిన ఇల్లు నర్సప్పదొక్కటే. మేడ మీద పని పడిన దగ్గర్నుంచి తలుపు వేయడానికి ఆయనకు తీరిక ఉండటం లేదు.

పెంటప్ప ఇంటికి పరుగెత్తి సాంచాల మీద పాత చద్దర్లు కప్పేశాడు. అది చూసి ఎదురింటివాళ్లు కప్పారు. ఆ వెలుగు గోడలోంచి దూరుతుందని ఒకరు, తడి గుడ్డలోంచి దూరదని ఇంకొకరు తేల్చారు. ఇద్దరూ జన్మలో ఆ ఫోన్‌ను ముట్టుకున్నవాళ్లు కారు. కాసేపట్లో గల్లీలో నర్సప్పది తప్ప ప్రతి గుమ్మానికీ నీళ్లోడుతూ ఒక చద్దర్ వేలాడింది. సాంచాలన్నీ ఆగిపోయాయి. తాగే నీళ్లు కూడా చద్దర్లకే పోశారు.

నర్సప్ప చాయ్ తాగి వచ్చేసరికి గల్లీ మొదట్లో గంగమ్మ అడ్డం నిలబడింది. బీడీలు చుట్టే ఆడవాళ్లందరికీ ఆమె పెద్ద. చేతిలో స్టీలు డబ్బా ఉంది.

"నువ్వు రా, బిడ్డా. నిన్నేం ఆపుతలేను. గా ఫోన్ మాత్రం ఈ డబ్బల పెట్టు."

"అరె గంగక్కా, ఉగీచ్ లేనిపోని భయం పెట్టుకుంటున్నవ్. ఉత్త పేరు, నంబర్ పోతయి, అంతే!"

"ఇప్పుడు గట్లనే అంటవ్. హోటల్ల ఏమన్నవో ఇక్కడ అందరికీ ఎర్కనే."

నర్సప్ప ఆ రోజు చెప్పిన మొదటి నిజం అది. ఒక్కరూ నమ్మలేదు. ఫోన్ డబ్బాలోకి వెళ్లింది. యాంటెనా అడ్డం రావడంతో మూత పూర్తిగా పడలేదు. గంగమ్మ దానిమీద తంబాకు తూచే రాయి పెట్టి, డబ్బాను తన గడప మీద ఉంచింది.

అంతలో రాజారాం సేఠ్ స్టేషన్‌లో దిగి, తనను తీసుకెళ్లమని చెప్పడానికి నర్సప్పకు ఫోన్ చేశాడు. ఫోన్ కొన్నాక దానికి వచ్చిన మొదటి కాల్ అది. రింగు వినపడదని నర్సప్ప దాన్ని వణుకుడు మీద పెట్టి ఉంచాడు. స్టీలు డబ్బా గడప మీద గడగడమంటూ నడవసాగింది.

"గుంజుతుంది! గుంజుతుంది!" అని ఆడవాళ్లు కేకలు పెట్టారు.

గంగమ్మ ఆలోచించే మనిషి కాదు. రాయి తీసి, మూత తెరిచి, చద్దర్లకని ఉంచిన బిందెడు నీళ్లు డబ్బాలో పోసింది. వణుకు ఆగిపోయింది. గల్లీ అంతా ఊపిరి పీల్చుకుంది.

ఎవరూ ఫోన్ ఎత్తకపోయేసరికి సేఠ్ చిరాకుపడి ఆటో మాట్లాడుకుని తనే వచ్చాడు. గుమ్మం గుమ్మానికీ తడి చద్దర్లు చూసి ఆగాడు. "అందర్ క్యా హై?" అని, లోపల ఏముందని ప్రతి ఇంటి ముందూ అడిగాడు. "కుఛ్ నహీ, సేఠ్" అన్నారు అందరూ, గుమ్మానికి అడ్డంగా నిలబడి. ఏమీ లేదన్నకొద్దీ ఆయన కళ్లు పెద్దవయ్యాయి. చద్దర్ల వ్యాపారంలో తల నెరిసినా, దాచిన సరుకే గొప్పదనుకునే బుద్ధి ఆయనదీ.

నర్సప్ప నీళ్లు కారుతున్న ఫోన్ జేబులో వేసుకుని, సేఠ్‌ను తన సాంచాల గదికి తీసుకెళ్లాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం మీద ద్రాక్షగుత్తుల నమూనా చద్దర్ పరిచి ఉంది. సేఠ్ దాన్ని అంచు పట్టుకుని చూసి వదిలేశాడు. గల్లీ అంతా కప్పి దాచుకుంటుంటే నువ్వెందుకు తెరిచి పెట్టావని హిందీలో అడిగాడు. దొంగతనానికి కూడా పనికిరాని సరుకు నాకెందుకన్నాడు సేఠ్.

ఆఖరి ఆశగా నర్సప్ప సేఠ్ ఫోన్ అడిగాడు. ముంబై దాటితే అది పనిచేయదనీ, ఇంట్లోనే పెట్టి వచ్చి స్టేషన్ బూత్ నుంచి కాల్ చేశాననీ సేఠ్ చెప్పాడు. ఎర్ర అద్దం మాట వినగానే, నీ నంబర్ నాకు నోటికే వచ్చు అన్నాడు.

తర్వాత సేఠ్ పెంటప్ప గుమ్మం ముందు నిలబడి, లోపలిది చూపించమని చాలాసేపు బతిమాలాడు. పెంటప్ప చెమటలు కక్కుతూ, నర్సప్పవైపు చూడకుండా, సాంచా మీది గుడ్డ కొంచెం పైకెత్తాడు. సేఠ్ "వాహ్!" అన్నాడు. దీపావళి ఆర్డరంతా అక్కడే, నిలబడ్డ చోటే ఇచ్చేశాడు.

సేఠ్ భుజం మీదుగా నర్సప్ప తొంగి చూశాడు. అవే ద్రాక్షగుత్తులు. మూలనున్న గుత్తిలో, సాంచాకు డిజైన్ అందించే బెజ్జాల అట్టలో ఒక బెజ్జం తప్పుపడి, తన చద్దర్‌లో ఒక పండు తగ్గింది. ఆ పండు పెంటప్ప సాంచా మీదా లేదు.

నర్సప్ప ఇంటికొచ్చి సాంచాల గదిలో మంచం మీద కూలబడ్డాడు. ఇంత రాత్రీపగలూ కష్టపడి వేయించిన డిజైన్! "ఎట్ల పోయిందే?" అన్నాడు, ఏడుపు ఒక్కటే తక్కువగా. "మనింట్ల నుంచి ఎట్ల పోయింది?"

గోదావరి చాటలోంచి తల ఎత్తలేదు.

"నువ్వు రోజు మేడ మీద హలో హలో అని మొత్తుకునేటప్పుడు పెంటప్ప ఈ మంచం మీదనే కూసుండి కాయితం మీద ఏదో గీసుకుంటుండె. అడిగితే, ఫోన్ బొమ్మ గీస్తున్న వదినా అనె. నేను ఖరే అనుకున్న." చుట్టిన బీడీకి దారం కట్టి పక్కన పెట్టింది. "నువ్వే అంటివి గద, ఫోన్ ఉంటే వైరు లేకుండనే డిజైన్ ఒక ఇంట్లకెల్లి ఇంకో ఇంట్లకు చేరుతదని. చేరింది."