గొట్టానికి పుట్టింటి చీర

1961 నవంబరు తొమ్మిదో తేదీ, గురువారం. ఆ ఉదయం పద్మనాభయ్య రాత్రి మిగిలిన అన్నంలో ఎండురొయ్యలు వేసిన సొరకాయ కూర కలుపుకుని తిన్నాడు. కూరలో ఉప్పు వేయడం మరిచిపోయాడు. అయితే రొయ్యల్లో ఉన్న ఉప్పే కూరంతటికీ సరిపోయింది. భార్య పోయిన మూడేళ్లలో వంటింట్లో ఆయనకు అందిన సాయాలు ఇలాంటివే.

ఆ రొయ్యలిచ్చింది ముసలమ్మ. దొరవారిసత్రానికి తూర్పున, పులికాటు ఒడ్డున ఉన్న జాలరుల కుప్పం ఆమెది. ఇరవై ఏళ్లు నాయుడుపేట వీధుల్లో చేపలగంప మోసింది. పద్మనాభయ్య భార్య వెంకటశేషమ్మ మంచం పట్టిన నలభై రోజులూ గంప వాకిట్లో దించి, లోపలికొచ్చి ఆమె కాళ్లు పట్టింది. నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజున బండి వెనకే పెద్దరోడ్డు దాకా నడిచింది. వెంకటశేషమ్మ తిరిగి రాలేదు. ఇప్పుడు ముసలమ్మ రెండు కళ్లకూ పొరలు కమ్మాయి. "ఆసుపత్రికి పోయినోళ్లు యాడ తిరిగొచ్చినారు అయ్యోరా?" అంటూ రెండేళ్లు మొండికేసి, వారం కిందట ఎందుకో మెత్తబడింది. "నువ్వు పక్కనుంటే వస్తా" అంది.

మద్రాసు కంటి డాక్టరు మూడు నెలలకోసారి నెల్లూరు వస్తాడు. ఆ గురువారం సాయంత్రం ఐదులోపు ఆసుపత్రిలో చేరినవాళ్లకే మర్నాడు ఆపరేషను. ఈసారి తప్పితే మళ్లీ ఫిబ్రవరి. ఫిబ్రవరి నాటికి ఆమె మనసూ మారుతుంది, మిగిలిన కాస్త చూపూ పోతుంది.

వానలకు కుప్పం దారిలో బస్సు నిలిచిపోయింది. ఇక ఉన్నదల్లా కారు. అది పద్మనాభయ్యది కాదు. బావమరిది గంగాధరం మద్రాసులో పందేలకు నడిపిన రెండు సీట్ల ఎర్ర ఇంగ్లీషు కారు. బొంబాయిలో ఉద్యోగం వచ్చి, "రెండు నెలలు చూసుకో బావా" అని, నడపడం కూడా నేర్పి, బడిపంతులైన పద్మనాభయ్య వాకిట్లో వదిలిపోయి ఎనిమిది నెలలైంది. కారు కడుపు నేలకు జానెడు ఎత్తు. ఉప్పుగాలికి అప్పటికే అట్టముక్కలా తయారైన సైలెన్సరు నెల కిందట ఒక రాయి తగిలి ఊడింది. ఉత్తరం రాస్తే గంగాధరం పార్సెల్ పంపాడు. నాయుడుపేట పెద్దరోడ్డు పక్కన మెకానిక్ హజరత్తయ్య పాకలో, ఆ ఉదయం ఏడు గంటలకు ఆ పార్సెల్ విప్పారు.

"ఇది సైలెన్సరు కాదు సార్. పందెం గొట్టం. లోపలేమీ లేదు, చూడండి" అన్నాడు హజరత్తయ్య, ఒక చివర కన్ను పెట్టి రెండో చివరలోంచి పద్మనాభయ్య ముఖం చూస్తూ.

"ఏమీ లేకపోతే చప్పుడు ఆగేదెట్లా?"

"ఆగకూడదనే గదా ఏమీ పెట్టలా."

"పాతదానికే రేకు చుట్టి బిగించు హజరత్తూ. నేను పోయేది ఆసుపత్రికి, పందేనికి కాదు."

మెకానిక్ ముఖం చిన్నబోయింది. "పదిహేనేళ్లుగా లారీల కింద పడుకుంటా ఉండా సార్. ఇట్టాంటి సరుకు ఎప్పుడు నా చేతికొచ్చింది? గంటలో బిగిస్తా. నేనూ మీ ఎంట వస్తా, వెనకాల ఎక్కడో వేలాడతా."

ఒకరి ముచ్చట కాదనడం పద్మనాభయ్యకు జీవితంలో ఎప్పుడూ చేతకాలేదు. ఆ గంట నాలుగు గంటలైంది. గొట్టం పొడుగు, కారు పొట్టి. బిగించే చెవులు కారుకు ఒకచోట, గొట్టానికి ఇంకోచోట. లారీ కమాను ముక్కను కొలిమిలో కాల్చి వంచి, దాంతో గొట్టాన్ని కట్టేశాడు. వెనక మూరెడు బయటికి పొడుచుకొచ్చింది. పాత సైలెన్సరు డిక్కీలోకి పోయింది. ఇంజను తిప్పగానే పాక మీది తాటాకులు వణికాయి.

ఢం, ఢం, ఢం. ఒక ఖాళీ. ఢం, ఢం, ఢం. ఒక ఖాళీ.

"నాలుగు సిలిండర్లలో ఒకటి పలకడంలా" అని ఒప్పుకున్నాడు హజరత్తయ్య. "దార్లో అదే సర్దుకుంటది. ఆపమాకండి సార్, ఆపితే మళ్లీ లేస్తుందో లేదో."

అది దారిలో సర్దుకోలేదు. కుప్పం అర మైలు దూరంలో ఉందనగా చక్రాలు బురదలో దిగబడ్డాయి. హజరత్తయ్య తాటిమట్టలు ఏరి చక్రాల కింద వేస్తుంటే, పద్మనాభయ్య అతను చెప్పినట్టే ఇంజను ఆపకుండా కూర్చున్నాడు. వాన వెలిసిన మధ్యాహ్నం. గాలి లేదు. సరస్సు అద్దంలా ఉంది. గొట్టం పావుగంట సేపు నీళ్లవైపు తిరిగి మోగింది.

ఆ కుప్పంలో ఎవరైనా పోతే తప్పెట కొట్టేది సరిగ్గా అట్లాగే: మూడు దెబ్బలు, ఒక ఖాళీ. అది వినబడితే ఏ పడవా నీళ్లమీద ఉండకూడదు. ఊళ్లో శవం ఉండగా వల వేస్తే మర్నాడు వలలో మనిషి పడతాడని వాళ్ల నమ్మకం. ఈ సంగతి కారులో ఉన్నవాడికీ తెలియదు, కారు కిందున్నవాడికీ తెలియదు.

ముసలమ్మ తెల్లవారుజామునే బయల్దేరి, అయ్యవారి కోసం ఊరి బయట దారిపక్క కూర్చుని ఉంది. ఆమె కూడా విన్నది. కర్రతో తడుముకుంటూ, గుండెలు బాదుకుంటూ కారు దగ్గరికి వచ్చింది.

"ఎవరు పోయారమ్మా?" అన్నాడు పద్మనాభయ్య కంగారుగా.

"తెలీదయ్యోరా. ఎవురో మావోళ్లే. తప్పెట ఇనపళ్లా?"

ఆయనకు ఇంజను మోత తప్ప ఏమీ వినబడలేదు. అయినా చావింటికి మర్యాదగా ఇంజను ఆపేశాడు. "ఇప్పుడు ఆపినారు" అంది ముసలమ్మ. చూపు ఆనని ఆమెను చెయ్యిపట్టుకుని, పరామర్శించి పోదామని ఊళ్లోకి నడిపించాడు. హజరత్తయ్య తల దించుకుని వెనకే నడిచాడు.

అప్పటికి ముప్పై పడవలూ ఒడ్డెక్కాయి. ముసలమ్మ కోడలు కామమ్మ జుట్టు విప్పుకుని వాకిట్లో పొర్లుతోంది. అత్త ఇంట్లో లేదు, తప్పెట అత్త పోయిన దిక్కు నుంచే మోగింది. ఇంకేం కావాలి? పాడె కట్టడానికి అప్పటికే వెదురు కోశారు.

"ఎవురు మే పోయింది?" అని అరిచింది ముసలమ్మ. ఏడుపులన్నీ ఒక్కసారి ఆగాయి. "చెప్పండే! నా కొడుకా? ఎవురు?"

కామమ్మ లేచి కూర్చుంది. "నువ్వే అత్తా."

"నేనా? ఎప్పుడు?"

ఊరికి తీర్పు చెప్పే పెద్దకాపు పోలేరయ్య ముందుకొచ్చి, తప్పెట ఎవరు కొట్టారని అడిగాడు. తప్పెట కొట్టేవాడి ఇంటి చూరుకు అది వేలాడుతూనే ఉంది. అప్పుడు హజరత్తయ్యకు ఏదో తట్టింది. కారు దగ్గరికి పోయి ఒక నిమిషం ఇంజను తిప్పి వచ్చాడు. ఊరందరికీ మళ్లీ అవే మూడు దెబ్బలు, ఒక ఖాళీ వినబడ్డాయి. అంత నిజాయితీ ఆ సమయానికి అవసరం లేదు.

ఎవరూ నవ్వలేదు. సగం లాగిన వలలు నీళ్లలోనే కోసి వచ్చినవాళ్లున్నారు. ఆ పూట చేప లేదంటే రాత్రికి పిల్లలకు గంజి. కొందరు కర్రలు వెతుక్కున్నారు. పద్మనాభయ్య చేతులు జోడించి, "తప్పు నాదే" అన్నాడు.

"తప్పుమాట తర్వాత అయ్యోరా" అన్నాడు పోలేరయ్య. "పడవలు శవం కోసం ఒడ్డెక్కినాయి. పూడ్చకుండా మళ్లా నీళ్లలోకి దిగవు. మా తాతలనాటి నుంచి అంతే. ఇప్పుడు పూడ్చేది ఎవుర్ని?"

ఎవరూ కావాలని చూడలేదు గానీ, అందరి చూపులూ ఒకసారి ముసలమ్మ మీదికి పోయి వచ్చాయి.

ఇంతలో కబురందుకుని పక్క కుప్పం నుంచి ముసలమ్మ తమ్ముడు ఓబయ్య పడవ దిగాడు. పోయిన ఆడమనిషికి పుట్టింటివాళ్లు చీర కప్పాలి. చంకలో కొత్త ఆకుపచ్చ చీరతో, "అక్కా!" అని గొల్లుమంటూ వచ్చినవాడు అక్కను చూసి ఆగిపోయాడు.

"బతికే ఉండావా?" అన్నాడు. గొంతులో సంతోషం కంటే ముందు ఇబ్బంది వినిపించింది. "చీర తెచ్చినానే! చావుకని గడప దాటిన చీర మళ్లా ఇంటికి తీసకపోకూడదే! నువ్వు కట్టుకోనూ కూడదు!"

శవం లేని పాడె, శవం లేని చీర. పోలేరయ్య పాడె చుట్టూ ఒకసారి తిరిగాడు. చివరికి వేలు కారువైపు చూపించాడు.

"మనల్ని ఒడ్డుకు పిలిచింది ఏంది? ఆ గొట్టం. పోయింది కూడా అదే అనుకుందాం. ఊడదీయండి."

"అయ్యా! అది బొంబాయి సరుకు!" అని హజరత్తయ్య అరిచాడు. అరిచి లాభం లేదని అతనికే తెలుసు. నాలుగు గంటలు కష్టపడి బిగించినదాన్ని పది నిమిషాల్లో, వేళ్లు కాల్చుకుంటూ విప్పాడు. గొట్టాన్ని పాడె మీద పడుకోబెట్టి చీర కప్పితే, ఇంకా వేడిగా ఉందేమో, చీరలోంచి సన్నగా పొగ వచ్చింది. ముందు కుండ పట్టుకుని ఎవరు నడవాలని ప్రశ్న వచ్చింది. "బిగించినోడే కొడుకు" అన్నాడు పోలేరయ్య. హజరత్తయ్య కుండ అందుకున్నాడు. దారిపొడుగునా కామమ్మ మొదలుపెట్టిన ఏడుపు కాబట్టి ఏడ్చింది. నిజంగా కన్నీళ్లు పెట్టుకున్నది మెకానిక్ ఒక్కడే.

పాడె లేవబోయే ముందు ముసలమ్మ తడుముకుంటూ వచ్చి చీర అంచు వేళ్లతో నలిపి చూసింది. "మంచి చీరేరా ఓబయ్యా. నాకు కళ్లుండగా ఇట్టాంటిది ఒక్కటి తేలేదే నువ్వు."

పూడ్చి, స్నానాలు చేసి వచ్చేసరికి రెండు దాటింది. నెల్లూరు యాభై మైళ్ల పైచిలుకు. పద్మనాభయ్య ముసలమ్మ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు గానీ రమ్మని అడగలేకపోయాడు. ఆయన బదులు కామమ్మే మాట్లాడింది. "ఈ పొద్దు వద్దత్తా. ఇంత అపశకునం జరిగినాక ఆసుపత్రేంది?" పోలేరయ్య కూడా వద్దన్నట్టు తల ఊపాడు. ఊరంతా ఒకే మాట మీద ఉంది. ఇక ఆమె కళ్ల సంగతి అయిపోయిందనుకున్నాడు పద్మనాభయ్య. తన భార్య కాళ్లు పట్టిన చేతులు ఇకమీదట సొంత వాకిలినే తడుముకుంటూ ఉండిపోతాయి.

"ఎందుకొద్దు?" అంది ముసలమ్మ. "ఆసుపత్రికి పోతే చస్తానని గదా ఇన్నాళ్లూ పోలా. తప్పెట మోగింది, పుట్టింటి చీర వచ్చింది, ఏడ్చేవోళ్లు ఏడ్చినారు. నా చావులో ఇంకేం మిగిలింది మే, భయపడేదానికి? పదయ్యోరా."

అయితే గొట్టం లేని కారు ఇంజనును కుప్పం సరిహద్దులో తిప్పకూడదని పెద్దకాపు షరతు పెట్టాడు. మళ్లీ ఏం మోగుతుందో, ఎవరు చావాల్సొస్తుందో అన్నాడు. పన్నెండుమంది వలతాడు కట్టి, ఒడ్డుకు పెద్ద అలివి వల లాగినట్టే అరుపులు వేస్తూ, ముసలమ్మను సీట్లో కూర్చోబెట్టిన ఎర్రకారును మైలు దూరం లాగి పెట్టారు. ఇందాక కర్రలు వెతికిన చేతులే అవి. కాలవ గట్టు దాటాక హజరత్తయ్య డిక్కీలోని పాత సైలెన్సరుకు కిరసనాయిలు డబ్బా రేకు చుట్టి, తీగ బిగించాడు. పలకని సిలిండరు ప్లగ్గు తుడిచి పెట్టాడు. పావుగంట పని. ఇంజను నాలుగు దెబ్బలూ పలుకుతూ, పిల్లిలా గురుగురుమంది. హజరత్తయ్య మాత్రం పద్మనాభయ్య వైపు చూడలేదు.

ఐదుకు ఎనిమిది నిమిషాలుందనగా ఆసుపత్రి మెట్లెక్కారు. మర్నాడు డాక్టరు ఒక కన్నే దక్కిందని, రెండోది ఆలస్యమైందని చెప్పాడు. కట్టు విప్పిన రోజు ముసలమ్మ ఆ ఒక్క కంటితో ముందుగా పద్మనాభయ్యను చూసి, "అయ్యోరా, ఇంత ముసిలోడివైనావా?" అంది. ఆయన ఆ మాటకు చాలా రోజుల తర్వాత నవ్వాడు.

ఆ గురువారం రాత్రి మాత్రం ఇవేమీ తెలియవు. పద్మనాభయ్య మూడేళ్ల కిందట కూర్చున్న వరండా బల్ల మీదే కూర్చున్నాడు. లోపల దీపం ఉంది. వెంకటశేషమ్మ పోయిన రాత్రి అది లేదు. నర్సు మగ్దలీనమ్మ కాగితం పట్టుకుని ముసలమ్మ మంచం పక్కన నిలబడింది.

"ఇంతకుముందు ఏమన్నా పెద్ద జబ్బు చేసిందా అవ్వా?"

"జబ్బేం లేదు తల్లీ. మధ్యాహ్నం చచ్చిపోయినా, అంతే."

మగ్దలీనమ్మ కాగితం మీద 'లేదు' అని రాసుకుని, దీపం తగ్గించి, వార్డు తలుపు చప్పుడు కాకుండా మూసింది.