ఏకగ్రీవంగా ఎంచుకున్న వాలు

ఈ ఏడు నౌరూజ్ కొత్త సంవత్సరం పండక్కి స్కీయింగ్ విహారం ఎక్కడ జరపాలన్న విషయాన్ని మా జిల్లా మంచు కొలతల శాఖ పూర్తి ప్రజాస్వామ్య పద్ధతిలో తేల్చింది. నిర్ణయం ముందే అయిపోయి ఉండడం వల్ల పద్ధతికి ఎక్కడా ఆటంకం కలగలేదు.

మా శాఖలో ఇరవై ఒక్కరం. ఏ కొండ మీద ఎంత మంచుందో, ఏ వాలు ఎప్పుడు జారుతుందో రాజధానికి రాసి పంపడం మా విధి. ఈ ఇరవై ఒక్కరిలో మంచును కళ్లారా చూసేది బురుల్చా అక్క ఒక్కతే. ముప్పై ఏళ్లుగా స్కీలు కట్టుకుని కొండెక్కి, కొలత కర్ర గుచ్చి, లెక్క రాసుకుని దిగి వస్తోంది. తక్కిన పందొమ్మిది మంది ఆ లెక్కను పర్యవేక్షిస్తారు. నేను గుమాస్తాను. దాన్ని అందమైన దస్తూరీతో తిరగరాస్తాను.

ఏటా మేము వెళ్లేది ఏటికి దక్షిణాన ఉన్న నీడ వాలుకు. అక్కడ మంచు ఏప్రిల్ దాకా గట్టిగా ఉంటుంది. అయితే ఈ ఏడు ఏటికి అవతల ఎండ వాలు మీద ‘ఆల్తిన్ కుంగోయ్’ అనే కొత్త విహార కేంద్రం వెలిసింది. కుంగోయ్ అంటేనే మా భాషలో ఎండ వాలు. మంచుకు ఎండకు పడదన్న సంగతి మా గొర్రెలకు కూడా తెలుసు. కాకపోతే ఆ కేంద్రం మా డైరెక్టరు షార్బెక్ మామితొవిచ్ గారి వియ్యంకుడిది. ఈ సంగతి కూడా అందరికీ తెలుసు.

సమావేశంలో డైరెక్టరు గారు రెండు స్థలాలనూ నిష్పక్షపాతంగా పరిచయం చేశారు. పాత వాలు గురించి, “అది పాతది” అన్నారు. కొత్త వాలు గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఎవరికైనా సందేహాలుంటే నిర్భయంగా చెప్పమన్నారు. మేమంతా నిర్భయంగా ఊరుకున్నాం. బురుల్చా అక్క లేచింది.

“డైరెక్టరు గారూ, మొన్ననే అక్కడ గొయ్యి తవ్వి చూసొచ్చాను. అడుగున మంచు పంచదారలా రాలిపోతోంది. దాని మీద నడుము లోతు కొత్త మంచు కూర్చుంది. ఎండ తగిలితే మధ్యాహ్నానికల్లా మొత్తం కిందికొస్తుంది. నా గొర్రెనైనా ఆ వాలు కింద కట్టెయ్యను.”

“గొర్రెల సంగతి ఎవరడిగారమ్మా? మనం శాఖ ప్రతిష్ఠ గురించి మాట్లాడుకుంటున్నాం” అన్నారు డైరెక్టరు గారు.

ఆయన సహాయకుడు మెలిస్ అందుకున్నాడు. “అక్కకు ఎండ సరిపడదు లెండి. మొహం నల్లబడుతుందని బెంగ.”

అందరం నవ్వాం. ముప్పై ఏళ్ల కొండ ఎండకు అక్క మొహం ఎప్పుడో కాలిన రొట్టె రంగుకు తిరిగిపోయింది కాబట్టి ఆ హాస్యం అందరికీ సులువుగా అర్థమైంది. అక్క నవ్వలేదు. ఆమెకు హాస్యప్రియత్వం తక్కువని చాలా కాలంగా వినికిడి.

చేతులెత్తమన్నారు. ఇరవై లేచాయి. “ఒకరు మినహా ఏకగ్రీవం” అని నేను రాశాను. ‘ఒకరు మినహా’ అన్నది కొట్టేయమన్నారు, కొట్టేశాను. మర్నాడు అక్క తన హెచ్చరికను కాగితం మీద పెట్టి ఇచ్చింది. దాన్ని ‘సెలవుల అనంతరం పరిశీలించవలసినవి’ అనే కట్టలో భద్రపరిచాం.

పండగనాడు అక్క కూడా వచ్చింది. రాకపోతే ఏకగ్రీవానికి మచ్చ అని డైరెక్టరు గారు కబురంపారు. వచ్చిందే గాని స్కీలు తేలేదు. బస్సు దిగుతూనే వంటామె కలీపా దగ్గరికి పోయింది. ఇద్దరూ ఏదో గుసగుసలాడుకున్నారు. మేము వాలెక్కాం. పొద్దున మంచు నిజంగానే బాగుంది. డైరెక్టరు గారు రెండుసార్లు జారి, మూడుసార్లు పడి, “చూశారా” అన్నారు. ఏం చూడాలో చెప్పలేదు. చూశామన్నాం.

పదకొండింటికి కలీపా పైకి కేక వేయించింది. గొర్రె తల ఉడికిందట, డైరెక్టరు గారి ముందు పెట్టాలట, చల్లారితే బాగోదట. మా దేశంలో పెద్దమనిషి మంచును వదులుకోగలడు, పదవిని కూడా ఒక్కోసారి వదులుకోగలడు. తన ముందుకు రావలసిన గొర్రె తలను వదులుకోలేడు. అందరం దిగాం. తీరా చూస్తే పొయ్యి లేదు, డేగిసా లేదు. అన్నీ వంతెన దాటి ఏటికి అవతల, నీడలో పెట్టి ఉన్నాయి.

“ఇంత దూరం ఎవడు మార్చమన్నాడు?” అని మెలిస్ కసిరాడు.

“ఇక్కడ గాలికి పొయ్యి అంటుకోలేదయ్యా” అంది కలీపా. ఆకైనా కదలడం లేదు.

భోజనం గంటలో అయిపోయింది. డైరెక్టరు గారు వాలు కింద వదిలొచ్చిన స్కీల వైపు చూశారు. అక్క అది గమనించింది. అంతవరకు ఎవరినీ పొగిడి ఎరగని ఆ మనిషి లేచి నిలబడింది.

“డైరెక్టరు గారూ, ఈ చోటు ఎంచుకున్నది మీరు. పండగ పూట రెండు మాటలు చెప్పకుండా వెళ్తారా?” అంది.

ఆయన రెండు మాటలు చెప్పడం మొదలుపెట్టారు. ముప్పై అయిదు నిమిషాలు గడిచాయి. పిల్లల భవిష్యత్తు, పర్వతాల గాంభీర్యం, వియ్యంకుడి దూరదృష్టి అన్నీ వచ్చాయి. “ఈ వాలు మన శాఖలాగే స్థిరమైనది” అంటూ చేయి చాచి చూపిస్తుండగా వాలు కదిలింది. మొదట చప్పుడు లేదు. తర్వాత ఛాతీలో ఏదో గుద్దినట్టయింది. లిఫ్టు స్తంభాలు, టికెట్ల గది, మా ఇరవై జతల స్కీలు, పొద్దున పొయ్యి ఉన్న చోటు, అన్నీ తెల్లటి పొగలో మునిగిపోయాయి. కేంద్రం పనివాళ్లందరూ మా డేగిసా చుట్టూనే ఉన్నారు. కలీపా వాళ్లను కూడా భోజనానికి పిలిచిందట. ఒక్కరికి గోరు కూడా ఊడలేదు. ఉపన్యాసం మనుషుల ప్రాణాలు నిలపడం మా జిల్లా చరిత్రలో అదే మొదలు.

అక్క మంచు మీద కూలబడి మమ్మల్ని లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. తర్వాత మొహం చేతుల్లో దాచుకుంది.

రాజధాని నుంచి విచారణ సంఘం వచ్చింది. ఒక్కొక్కరినీ పిలిచి ఒకటే ప్రశ్న అడిగారు: ముందుగా ఎవరైనా హెచ్చరించారా? నా ముందు వెళ్లినవాళ్లెవరికీ ఏమీ వినపడలేదట. నా వంతు వచ్చింది. నేను రాస్తున్నానని, రాసేటప్పుడు ఏదీ వినపడదని చెప్పాను. సంఘం అధ్యక్షుడు తల పంకించి, “మంచి అలవాటు” అన్నాడు.

భోజన వేళను అత్యంత సమయస్ఫూర్తితో నిర్ణయించినందుకు డైరెక్టరు గారికి ప్రశంసాపత్రం వచ్చింది. లిఖిత అనుమతి లేకుండా శాఖ డేగిసాను ఏరు దాటించినందుకు బురుల్చా అక్కకు మందలింపు వచ్చింది. రెండూ నా దస్తూరీలోనే ఉన్నాయి.

మందలింపు కాగితం ఇవ్వడానికి నేనే వెళ్లాను. అక్క కొలత కర్ర తుడుచుకుంటోంది. చదివి, మడిచి, జేబులో పెట్టుకుంది.

“నువ్వు విన్నావు కదరా తమ్ముడూ?” అంది.

నేను వెనక్కి తిరిగి వసారాలో ఎవరూ లేరని చూసుకుని, తలుపు దగ్గరగా వేశాను. “విన్నానక్కా” అన్నాను.

“తలుపు తియ్యి. నాకు కొండకు టైమైంది” అంది.

మీరు నన్ను అసహ్యించుకుంటున్నారు, సబబే. అయితే ఒక్క మాట. మీ ఆఫీసులోనూ అలాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు, మూల గదిలో. పోయిన సమావేశంలో లేచి ఏదో చెప్పబోయారు, మీరు గడియారం చూసుకున్నారు. ఇంతకీ ఏం చెప్పారు?